తెలంగాణ పటకథలు: స్మృతివిచారము

కంటఁ జూచినది చెవిని విన్నదానికంటె నెక్కువకాలము మనస్సున నిలుచునను మాట లోకమున ప్రసిద్ధమే. కాని యెట్టి దృశ్యము, ఏ క్రమమున, ఏ వాక్కుతోఁ గూడియున్నప్పుడు నిలుచుననునది పండితులు తగినంత విచారించినట్లు కానరాదు. ఈ విచారమునకుఁ గావలసిన సామగ్రి మన పల్లెలలోనే యున్నది. కామారెడ్డి, యెల్లారెడ్డి ప్రాంతముల గ్రామములలో మొన్నమొన్నటిదాఁక పంటలు ఇల్లుచేరిన పిదప పటమువారు వచ్చుటయు, చావడికడనో చెట్టుక్రిందనో చిత్రపటమును వ్రేలఁగట్టి రాత్రులు కథ చెప్పుటయు వాడుక. ఆ పటమును వినోదసాధనముగా మాత్రమే చూచినవారు దానిలోని శాస్త్రమును గుర్తింపరైరి. అది యక్షరము రాని జనసంఘములు తమ వంశకథను తలఁపున నిలుపుకొనుటకుఁ గల్పించుకొన్న యొక నిబంధనము.

ఈ పటములను వ్రాయువారు నకాషీలు. వారి ప్రధానస్థానము చేర్యాల. ఈ గ్రామము 2016వఱకు వరంగల్లు జిల్లాలోనిది, ఆ యేఁటి విభాగముతో సిద్దిపేట జిల్లాలోఁ జేరినది. కామారెడ్డియు నప్పుడే నిజామాబాదు జిల్లానుండి విడివడి ప్రత్యేకమైన జిల్లా యయ్యెను. కథకులు నడచిన త్రోవల కీ యెల్లలతో నిమిత్తము లేదు. పటము వ్రాయువాఁ డొకఁడు, దానిని చదువువాఁ డొకఁడు, అది యెవరి కథయో వా రింకొకరు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ భావనర్షుల పురాణమును, గౌడులకు గౌడజెట్టివారు గౌడపురాణమును, ముదిరాజులకు కాకిపడగలవారు పాండవకథను, మాదిగలకు డక్కలివారు జాంబపురాణమును, చాకలివారికి పటమువారు మడేలుపురాణమును చెప్పుదురు. గొల్లలకుఁ గథ చెప్పు మందెచ్చులవారికి మాత్రము పటమునకు బదులు చెక్కబొమ్మలు గలవు. కథకుఁడు తన కులదాతలయొద్దనే త్యాగము గొనును, ఇతరులయొద్దఁ జేయి చాఁపఁడు. ఏ గ్రామమున నే కుటుంబమునకుఁ గథ చెప్పు హక్కు గలదో యదియు వంశపరంపరగా వచ్చునదియే.

పటము చేయువిధ మించుక చెప్పవలసియున్నది. ఏలయన, స్మృతికి నిలుకడ కావలెనన్న ముందు బట్టకు నిలుకడ కావలెను. ముతక నూలుబట్టకు చింతగింజల యంబలియు, సుద్దమన్నును, చెట్టుబంకయుఁ గలిపి పలుమాఱులు పూసి యారఁబెట్టుదురు. అప్పుడది చుట్టినను విప్పినను పగులక రంగును పట్టియుండును. నిలువు 30 మొదలు 60 అడుగులవఱకును, వెడల్పు సుమారు 3 అడుగులును ఉండును. నేల యంతయు నెఱుపు. ఆ యెఱుపుమీఁద నీలము, పసుపు, తెలుపు, కాటుకనలుపు నిలుచును. ఎఱ్ఱనినేల సొగసుకే కాదని నా తలంపు. దీపపు వెలుఁగులో దూరమునఁ గూర్చున్నవానికి రూపముల యంచులు తెలియుటకు ఇంతకంటె మేలైన నేల లేదు.

పటము పైతలమున గణపతియు సరస్వతియు నుందురు. అటుపిమ్మటఁ గథ యడ్డపట్టెలుగా దిగును. పట్టెకును పట్టెకును నడుమ తీఁగెల పూవుల యంచు గీయఁబడును. దేవతలకు నీలమో పసుపో మేనివన్నె, రాక్షసులకు ముదురువన్నె, మనుష్యులకు మానిసి చాయ. కథలో ముఖ్యుఁడైనవాఁడు పట్టెలోఁ బెద్దగా నుండును. అతని రూపము పట్టెపట్టెకును మాఱదు. అతఁడు నవ్వినను, ఏడ్చినను, యుద్ధము చేసినను అదే ముఖము, అదే కిరీటము. నగరముల చదువరులు దీనిని చిత్రకారుని లోపముగాఁ దలఁతురు. లోపము కాదు. అక్షరము మాఱుచుండిన పుస్తకమును చదువఁగలవా రెవరు? భావనర్షి పులినెక్కి కనఁబడెనా, యదియే యాతని పేరు. సూర్యపుత్రియగు భద్రావతి ప్రక్కనుండెనా, కథ వివాహఘట్టమును చేరినదన్నమాట.

మా వ్యాకరణశాస్త్రమున నీ విషయము రెండువేల యేండ్లకుఁ బూర్వమే చర్చింపఁబడినది. పతంజలి మహాభాష్యమున మూఁడవ యధ్యాయము ప్రథమపాదమున ణిచ్‌ప్రత్యయమును విధించు 26వ సూత్రముకడ నొక శంక పుట్టినది. కంసుఁడు చచ్చి యెంతయో కాలమైనది, బలి బంధింపఁబడి యెంతయో కాలమైనది. అట్టిచో నేఁడు కథ చెప్పువానినిగూర్చి వర్తమానలకారముతో 'వీఁడు కంసుని జంపించుచున్నాఁడు' అని యెట్లు పలుకుదురు? భాష్యకారుఁడు మూఁడు తెఱఁగుల వారిని చూపి సమాధానము చెప్పెను. శోభనికులు ప్రత్యక్షముగా నా చంపుటను చేసి చూపుదురు. చిత్రములందు నెత్తిన దెబ్బలును పడిన దెబ్బలును, కంసుని నీడ్చుటయు కనఁబడుచునే యున్నవి. ఇఁక గ్రంథికులో, మాటలతోడనే యా పాత్రల పుట్టువు మొదలు నాశమువఱకు వివరించి వారిని వినువారి బుద్ధియందు వర్తమానులఁగాఁ జేయుదురు. వినువారిలోఁ గొందఱు కంసుని పక్షమును కొందఱు కృష్ణుని పక్షమును పట్టి ముఖవర్ణములు మాఱుదురనియు నాతఁడు గమనించెను. ఈ శోభనికులు, పాఠాంతరమున శౌభికులు, ఎవరను ప్రశ్నపై జర్మనుపండితుఁడు లూడర్సు 1916లో నొక వ్యాసమే వ్రాసెను. దానిపై వాదములు ముగిసినట్లు లేదు. చిత్రమును మాటను వేఱువేఱుగాఁ జెప్పి రెంటికిని వేఱువేఱు హేతువు చూపుటయే నాకు ముఖ్యముగాఁ దోఁచుచున్నది.

పతంజలి చూపిన త్రోవను మఱియొక యడుగు పోయి చూతము. చిత్రమునకు లకారము లేదు. పట్టెలోని యుద్ధము జరిగినదో, జరుగుచున్నదో, జరుగఁబోవునో చిత్రము చెప్పలేదు. అది సర్వదా వర్తమానమే. చిత్రమునకు నఞర్థము లేదు. రాజు కన్య నిచ్చెనని వ్రాయవచ్చును గాని, ఈయలేదని వ్రాయుటకు ఉపాయము లేదు. రాజు ప్రక్కనుండును, కన్య ప్రక్కనుండును, చూచువాఁ డిచ్చినాఁడనియే తలఁచును. చిత్రమునకు హేతువు లేదు. ఒక పట్టెలో శాపము, క్రిందిపట్టెలో వనవాసము. శాపముచేతనే వనవాసమను సంబంధము పట్టెలనడుమ నున్న పూలయంచులో లేదు, కథకుని నోటనున్నది. కాలము, నిషేధము, కారణము అను మూఁడును వాక్కు సొమ్ము. రూపము, స్థానము, పౌర్వాపర్యము చిత్రము సొమ్ము. పటకథలో నీ రెండును పంచుకొనినట్లున్నవి.

స్మృతినిగూర్చి నైయాయికులు చెప్పిన దీ పంపకమునకు మిక్కిలి యనుకూలము. అనుభవము సంస్కారమును నిలిపిపోవును. ఆ సంస్కారమాత్రమునుండి పుట్టు జ్ఞానమే స్మృతి. కాని సంస్కారమున్నంతమాత్రమున స్మృతి పుట్టదు, దానిని మేలుకొలుపు నిమిత్తము కావలెను. గౌతముఁడు న్యాయసూత్రములందు మూఁడవ యధ్యాయమున నిట్టి నిమిత్తములను ఇరువదికి మించి లెక్కించెను. ప్రణిధానము, నిబంధము, అభ్యాసము, లింగము, సాదృశ్యము, ఆనంతర్యము, విరోధము, అతిశయము, భయము, రాగము మొదలగునవి యందున్నవి. పటము నెదుటఁ బెట్టుకొని యీ పట్టికను చదివితిమేని యాశ్చర్యము కలుగును. పట్టెలవరుస ఆనంతర్యము. మాఱని కిరీటము లింగము. ముఖ్యపాత్రను పెద్దగా వ్రాయుట అతిశయము. దేవతయొక్కయు దానవునియొక్కయు మేనివన్నెల యెదురు విరోధము. కథకుని కఱ్ఱ యా పట్టెమీఁద నిలుచుట ప్రణిధానము. ఏటేట నదే కథను వినుట యభ్యాసము. నకాషీలు న్యాయసూత్రములను చదివి పటమును వ్రాసిరని నే ననుటలేదు. మనస్సు స్వభావ మొక్కటియే గనుక శాస్త్రకారుఁడును చిత్రకారుఁడును ఒకచోటికే చేరిరి.

సంస్కృతవాఙ్మయమునందును పటముచూపువారు లేకపోలేదు. బాణుఁడు హర్షచరితమున నైదవ యుచ్ఛ్వాసమున, తండ్రి జబ్బుపడిన వార్త విని మఱలివచ్చుచున్న హర్షునికి అంగడివీథిలో నొక యమపట్టికుఁ డెదురుపడినట్లు వ్రాసెను. చుట్టును కుఱ్ఱవాండ్రు మూఁగియుండిరి. కఱ్ఱకు వ్రేలాడు పటము నొకచేతఁ బట్టి, ఱెండవచేతి రెల్లుపుడకతో దున్నపోతునెక్కిన యముని చూపుచు పరలోకవృత్తాంతమును వాఁడు చెప్పుచుండెను. ముద్రారాక్షసమున చాణక్యుని చారుఁడు నిపుణకుఁడు యమపటమును పఱచి పాటలు పాడుచునే శత్రుపక్షమువారి యింటఁ జొరఁబడును. వేగులవానికి నాటకకర్త యీ వేషమునే యిచ్చుటవలన, పటముచూపువాఁడు ఏ యింటికైనఁ బోవుట నాఁడు ఎంత సామాన్యమో తెలియుచున్నది. ఆనందకుమారస్వామి 1929లో నీ పటప్రదర్శకులనుగూర్చి వ్రాసి మన చరిత్రకారుల దృష్టి నిటు మరల్చెను.

చిత్రము స్మృతిని లేపుటయందు మహాకవు లిరువురు పరస్పరభిన్నముగాఁ బల్కిరి. రఘువంశమున పదునాలుగవ సర్గలో సీతారాములు చిత్రములుగల మందిరములందు విహరించునపుడు దండకలోఁ బడిన దుఃఖములే తలఁపునకు వచ్చి సుఖములైనవని కాళిదాసు చెప్పెను. భవభూతి యుత్తరరామచరిత ప్రథమాంకమున నదే కథ, అవే చిత్రములు. కాని శూర్పణఖ రూపమును చూచి సీత భయపడును, జనస్థానవృత్తాంతమును చూచి రాముఁడు మరల నా వియోగమునే యనుభవించును. ఇది చిత్రము మాత్రమే యని రాముఁడే సీతకుఁ జెప్పవలసివచ్చెను. ఉద్బోధక మొక్కటియైనను స్మృతికిఁ బట్టు వన్నె వేఱు. పూర్వానుభవ మెన్నాళ్లు మాగినదో, చూచువాని హృదయ మిప్పుడెట్లున్నదో, దానినిఁబట్టి వన్నె మాఱును. భవభూతియే మనస్సును సరిగాఁ జూచెనని నా పక్షపాతము. కాళిదాసీయులు క్షమింతురు గాక.

పాశ్చాత్యదేశములలో స్మృతివిద్యకు సిమోనిదీసను గ్రీకుకవి మూలపురుషుఁడని సిసిరో వ్రాసెను. విందుశాల కూలి లోపలివారందఱు గుర్తింపరాకుండ నలిగిపోఁగా, ఎవఁ డెచ్చటఁ గూర్చుండెనో స్థానమునుబట్టి యా కవి చెప్పఁగలిగెనఁట. దానినుండి స్థానములను మనస్సునఁ గల్పించుకొని వానియందు విషయములను నిలుపు పద్ధతి పుట్టినది. మన పటమున నా స్థానములు మనస్సునఁగాక బట్టమీఁదనే యున్నవి. ఇటీవలి పరిశోధకులలో స్టాండింగను నాతఁడు 1973లో ప్రకటించిన పరీక్ష ప్రసిద్ధము. అయిదు దినములలో 10,000 చిత్రములను క్షణకాలమాత్రము చూపి, పిదప క్రొత్తవానితోఁ గలిపి చూపఁగా నూటికి సుమారు 83 వంతున ముందు చూచినవని గుర్తింపఁగలిగిరి. కెనడాదేశీయుఁడు పైవియో 1971లోఁ బ్రకటించిన గ్రంథమున, రూపముగాను మాటగాను రెండువిధముల నిలిచిన విషయము ఒకవిధముననే నిలిచినదానికంటె సులభముగా మరల దొరకునని వాదించెను.

ఈ ఫలములను మనవారు తొందరపడి చిత్రమునకు జయపత్త్రముగాఁ బుచ్చుకొనరాదు. చూచినదానిని మరలఁ జూచి 'యిది యదియే' యనుట ప్రత్యభిజ్ఞ. చూచుట లేకయే తలఁచుట స్మృతి. నైయాయికులు రెంటిని వేఱుచేసిరి. పదివేల చిత్రముల పరీక్ష ప్రత్యభిజ్ఞకే గాని స్మృతికిఁ గాదు. పటకథ రహస్యము ప్రత్యభిజ్ఞను స్మృతికి మెట్టుగాఁ జేయుటయందున్నది. పట్టెను చూచి కథకుఁడు 'ఇది యా ఘట్టమే' యని గుర్తించును. ఆ గుర్తింపు సంస్కారమును లేపఁగా దానికిఁ జేరిన వచనమును పాటయు నోటికి వచ్చును. యెల్లారెడ్డి ప్రాంతమున నొక ముదుసలి సాలెవానిని పటములోని ఘట్టములను చెప్పుమని యడిగితిని. పటము చూచి యిరువదియేండ్లు గడచినవని చెప్పుచునే యాతఁడు ఘట్టములను వరుసతప్పక చెప్పెను. ఏది పైన, ఏది క్రింద, ఎవఁడు కుడివైపున నుండెనో కూడఁ జెప్పెను. గోత్రముల పేరు లడుగఁగా నాగిపోయెను. పాట యెత్తుకొని మొదటినుండి వచ్చిన పిదపఁగాని యాతనికి నాలుగు పేరులైన దొరకలేదు. వరుస కంటివలన నిలిచినది, పేరులు చెవివలన నిలిచినవి.

విద్యాలయములందును ఇదియే కనఁబడును. మేము రామశబ్దమును గురుముఖమున విని వల్లించితిమి. నేఁటి బాలురు శబ్దమంజరిలో నెనిమిది వరుసలు మూఁడు నిలువులుగా నచ్చువేసిన పట్టికను చూచి నేర్చుకొందురు. వల్లించినవానికి 'రామాభ్యామ్' అను రూపముకడ నొక చిక్కుకలదు. తృతీయకును చతుర్థికిని పంచమికిని ద్వివచన మొక్కటియే గనుక, తృతీయలోనున్నవాఁడు మాట జాఱి పంచమికిఁ దుమికి నడుమనున్న చతుర్థిని మ్రింగివేయును. పట్టిక చూచినవాఁ డీ చిక్కునఁ బడఁడు. ఒకదానిక్రింద నొకటిగా మూఁడు 'రామాభ్యామ్'లు వానికంటికిఁ గట్టియుండును. కాని సప్తమీబహువచనము చెప్పుమనఁగా వల్లించినవాఁడు తడవుకొనక చెప్పును. పట్టికవాఁడు కన్నులు పైకెత్తి, లోపల నిలువులు లెక్కించుకొని పిమ్మటఁ జెప్పును. ఏది మేలని యడుగుట కంటె దేని కేది మేలని యడుగుట యుచితము. పాణిని యక్షరసమామ్నాయమును పదునాలుగు సూత్రములుగాఁ గూర్చినది చెవికి. కచటతపలను అయిదేసి యక్షరముల వరుసలుగాఁ బేర్చిన మన వర్ణపట్టిక కంటికిఁ గూడ సరిపోవును. తాటియాకు గ్రంథమున పదములకు నెడము లేదు, పద్యపాదములకు వేఱు పంక్తులు లేవు. అది ముందే వచ్చినవానికి జ్ఞప్తిచేయుటకే గాని రానివానికి నేర్పుటకుఁ గాదు. అచ్చుపుస్తకము పాదములను విడఁదీసి చూపినపిదపనే పద్యము పుటలో నే మూలనున్నదో తలఁచుకొను చదువరి పుట్టెను.

చరిత్రపరిశోధకునకు దీనివలనఁ గలుగు ప్రయోజన మేమి? పటము ప్రమాణమా కాదా యని యడుగువారు గలరు. ప్రశ్నయే సరికాదు. పటమునందు నిలిచినది దేనికిఁ బ్రమాణమో మొదట నిర్ణయింపవలెను. పటములోని రాజు దక్కనుదేశపు తలపాగ చుట్టుకొనియుండిన, ఆ తలపాగ చిత్రకారుని కాలమునకుఁ బ్రమాణము, కథాకాలమునకుఁ గాదు. లకారములేని చిత్రము సర్వమును తన వర్తమానమునకు లాగుకొనునని ముందే చెప్పితిమిగదా. పట్టెల వరుస మాత్రము మిగుల నమ్మఁదగినది. పటము జీర్ణించినప్పుడు ప్రాఁతదానిని చూచియే క్రొత్తది వ్రాయుదురు, కథకుఁడు ప్రక్కనుండి తప్పులు దిద్దును. ఇక వంశావళులు పాటలో నున్నవి గనుక పాటకుఁ గలుగు వికారములు వానికిఁ గలుగును. ఛందస్సు కొఱకు పేరు కుంచించుట, ప్రాసకొఱకు మార్చుట, దాత పెద్దను కొనియాడుటకై యొక తరమును చేర్చుట సంభవములు. పటమును పాటను ఎదురెదురుగా నిలిపి చూచినచో నొకదాని తప్పు నొకటి చూపును. ఒకటి పోయినచో రెండవది సాక్షిలేని వ్యవహారమగును.

జీర్ణించిన పటమునకు మనుష్యునకువలెనే యంత్యక్రియ జరిపి నదిలోఁ గలుపు నాచారము కలదు. అందుచేతనే ప్రాఁతపటములు మనకు మిక్కిలి యరుదుగా దొరకుచున్నవి. ఆచారమును దూషించుట పాడిగాదు. వారి దృష్టిలోఁ బటము ప్రాణముగలది. క్రొత్తపటము వచ్చినపిదప ప్రాఁతది నిలుచుట యొక పీనుఁగను ఇంట నుంచుకొనుటతో సమము. మన దృష్టిలోఁ బ్రతిప్రతియు ముఖ్యము, వారి దృష్టిలోఁ బరంపర ముఖ్యము.

ఇప్పుడు వచ్చిన మార్పు వేఱు. కథ వినువారు తగ్గిపోఁగా పటము వ్రాయించువారును తగ్గిరి. చేర్యాలలో మిగిలిన కొలఁది కుటుంబములు పటములోని యొక్కొక పట్టెను విడిగా వ్రాసి చట్రమునఁ బొదిగి యమ్ముచున్నవి, ముఖపుబొమ్మలను చేయుచున్నవి. చేర్యాల చిత్రములకు భౌగోళికసూచిక గుర్తింపును వచ్చినది. కుటుంబములకు కూడు దొరకుట సంతోషమే. ఇచ్చట పాణిని సూత్రమొకటి నాకుఁ దలఁపునకు వచ్చును. ప్రతికృతి, అనఁగా బొమ్మ, అను నర్థమున పేరునకుఁ గన్‌ప్రత్యయము వచ్చును. గుఱ్ఱపుబొమ్మ యశ్వకము. కాని యైదవ యధ్యాయము మూఁడవ పాదమున 99వ సూత్రముచే, జీవికకై యుండియు నమ్మఁబడని బొమ్మవిషయమున నా ప్రత్యయమునకు లుప్పు కలుగును. అట్టి శివుని బొమ్మ శివకము కాదు, శివుఁడే. దేవతాప్రతిమలను పట్టుకొని యింటింటఁ దిరిగి బ్రతుకువారి బొమ్మలను వృత్తికారు లిందు ఉదాహరించిరి. అమ్మకమునకుఁ బెట్టినంతనే ప్రత్యయము మరలివచ్చును, శివుఁడు శివకమగును. కూనపులివాని పటములోని భావనర్షి యాతని జీవికయే, కాని యమ్మఁబడఁడు. గనుక భావనర్షియే. చట్రములోనివాఁడు భావనర్షికుఁడు. అతనికి ముందుపట్టె లేదు, వెనుకపట్టె లేదు, ఆనంతర్యము తొలఁగినది. ఎఱ్ఱనినేలమీఁద పులినెక్కిన యొక పురుషుఁడు, అంతే. గోడకుఁ దగిలించుకొన్నవాఁ డాతని నెన్నఁడును మఱవఁడు, ఆతఁ డెవఁడో మాత్ర మెఱుఁగఁడు.

మన పరిషత్తువంటి సంస్థలు పటములను సేకరించి పెట్టెలలో భద్రపఱచుట యొక్కటే చాలదు. పటమును కొన్నప్పుడు దానితోఁ గథకుని యొకదినమైనఁ గూర్చుండఁబెట్టి, పట్టెపట్టెకును సంఖ్య వేసి, ఏ సంఖ్యకడ నే వచనము, ఎచ్చట పాట, ఎచ్చట మాట, ఏ పట్టెమీఁద కఱ్ఱ యెంతసేపు నిలిచెను, దేనిని చూపక దాఁటెను అనునవి వ్రాసికొనవలెను. చూపక దాఁటిన పట్టెలను ముఖ్యముగా గుర్తింపవలెను. దాతకులమునకు రుచింపని ఘట్టములు బట్టమీఁద నుండియు నోట లేకపోవుట గలదు. పిదపఁ బటమును చుట్టివేసి కథను మరలఁ జెప్పించి, రెండు పాఠములను పోల్చవలెను. కామారెడ్డి చుట్టుప్రక్కలను, సిరిసిల్ల యెల్లవఱకు గల సాలెపల్లెలలోను పటమును చిన్ననాఁడు చూచిన ముదుసలులు ఇంకను ఉన్నారు. వారినుండి ముందుగా ఘట్టముల వరుసను, పిదప పేరులను అడుగవలెను. తడఁబడిరేని పాట నెత్తుకొండనవలెను.